పరకాల పత్తికి పెరూ పూచీ

పరకాల దగ్గర పత్తి గింజ మొలవలేదు. ముద్దాయి పసిఫిక్ మహాసముద్రం. ఈ తీర్పు ఇచ్చింది కోర్టు కాదు, ఒక విత్తనాల షాపు కౌంటర్. ఖాళీ ప్యాకెట్ పట్టుకొచ్చిన రైతుకు ఓనరు సెల్‌ఫోన్‌లో ఎర్రగా మండుతున్న ప్రపంచ పటం చూపించి, "ఎల్‌నినో కాకా, మన చేతుల ఏమున్నది?" అన్నాడు. బోరు కింద పెట్టిన గింజ కూడా మొలవలేదని కాకా గొణిగాడు. అంటే పసిఫిక్ మన బోర్లలోకి కూడా దిగిందన్నమాట. బిల్లు అడిగితే ప్రింటర్ పాడైందట. అది కూడా ఎల్‌నినో ఖాతాలోనే వేసుకోవాలి కాబోలు.

పసిఫిక్ వేడెక్కితే ఎల్‌నినో, అది వస్తే మన వానలు తగ్గుతాయన్నది అభియోగం. ఇంత పెద్ద అభియోగం మోపాక విచారణ పద్ధతిగా జరగాలి. ఎవరూ ముందుకు రాలేదు కనుక ఆ బాధ్యత మేమే తలకెత్తుకున్నాం.

సముద్రం ఒక ఏడు వేడెక్కి మరో ఏడు చల్లబడడం వెనుక అనుమానితులు రెండు వర్గాలు. నీటిని అటూ ఇటూ మోసే ప్రవాహాలు ఒకటి. పైనుంచి కాసే ఎండ, ఆవిరిని ఎత్తుకుపోయే గాలి రెండోది.

మామూలు ఏడాదిలో తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు పసిఫిక్‌లోని వెచ్చటి నీటిని ఇండోనేషియా వైపు నెట్టుకుపోతాయి. అక్కడ సముద్ర మట్టం దక్షిణ అమెరికాలోని పెరూ వైపు కంటే దాదాపు అర మీటరు ఎత్తుగా ఉంటుంది. పెరూ తీరంలో లోతు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. గాలులు నీరసించిన ఏడు వెచ్చటి నీరు తూర్పుకు మళ్లుతుంది, కింది చల్లదనం పైకి రావడం తగ్గుతుంది. మధ్య పసిఫిక్ సగటు కంటే అర డిగ్రీ పెరిగి నెలల తరబడి దిగకపోతే, అదే ఎల్‌నినో. అర డిగ్రీ! మే నెలలో రామగుండం మనిషి అర డిగ్రీ తేడాకు గొడుగు కూడా తెరవడు.

ఎండను నిలదీస్తే అది నిర్దోషిగా తేలింది, అయితే పసిఫిక్‌లో మాత్రమే. అక్కడ నీరు వేడెక్కితే మేఘాలు కమ్మి ఎండను ఆపుతాయి, ఆవిరీ పెరుగుతుంది. పాపం, అది మంట ఆర్పే పక్షం. నేరం ప్రవాహాలదే. హిందూ మహాసముద్రంలో మాత్రం కేసు తిరగబడుతుంది. ఎల్‌నినో ముదిరిన కొన్ని నెలలకు ఇదీ వేడెక్కుతుంది. చాలా చోట్ల కారణం, మేఘాలు పలచబడి ఎండ దిగడం, గాలి మందగించి ఆవిరి తగ్గడం.

చిక్కేమిటంటే ముద్దాయికి నిలకడ లేదు. 1997లో భారీ ఎల్‌నినో వచ్చినా దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. ఆ ఏడు హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి, తూర్పు వైపు చల్లబడి, మన పక్షాన నిలిచింది. 2023 ఎల్‌నినో ఏడాదే. ఆ జూలైలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ మరుసటి నెల ఆగస్టు, దేశానికి 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు. మునిగినవాడూ ఎండినవాడూ ఒకే పేరు మీద ఫిర్యాదు రాస్తే స్టేషన్‌లో తీసుకుంటారా?

నివేదికను షాపు ఓనరుకు చదివి వినిపించాం. శ్రద్ధగా విన్నాడు. లానినా అంటే ఏమిటని అడిగాడు. పవనాలు బలపడి పసిఫిక్ చల్లబడే ఏడని, మనకు తరచూ వానలు ఎక్కువని చెప్పాం.

"అయితే ఆ ఏడు గింజ మురుగుతది" అని ఖాతా పుస్తకం వెనక రాసుకున్నాడు.