లక్షల టెలిస్కోపు లేకపోతే పాలపుంత ఫొటో రాదా?

"చుక్కలను ఫొటో తీయాలంటే లక్షల రూపాయల టెలిస్కోపు ఉండాలి. అదీ లడఖ్ వెళ్తేనే సాధ్యం. మామూలు కెమెరాతో తీశామని చూపేవన్నీ కంప్యూటర్‌లో సృష్టించినవే." ఈ సందేశం మా కడప వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఆశగా పాత కెమెరా బయటకు తీసిన పిల్లలు ఇది చదివి దాన్ని మళ్లీ బీరువాలో పెట్టేస్తారన్నదే నా బాధ.

పాలపుంత ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకుని ఉంటుంది. టెలిస్కోపులో కనిపించేది అందులో గోరంత. అందుకే ఎక్కువ ఆకాశాన్ని పట్టే, కెమెరాతో పాటు వచ్చే 18-55 మిల్లీమీటర్ల లెన్సే ఈ పనికి తగినది. కెమెరాను ట్రైపాడ్‌కు బిగించి, లెన్సును 18 దగ్గర ఉంచి, అపెర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం) 3.5, ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 3200, షట్టర్ (కాంతిని లోపలికి వదిలే సమయం) 15 సెకన్లు పెట్టండి. 20 సెకన్లు దాటితే భూభ్రమణం వల్ల చుక్కలు గీతలవుతాయి. ఫోకస్ ఆటోలో వదలవద్దు. మెరిసే చుక్కను తెర మీద పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా చేత్తోనే తిప్పాలి.

ఇక లడఖ్. అక్కడి హాన్లే గ్రామంలో చీకటి చిక్కన, గాలి పలుచన; కాదనను. కానీ పాలపుంత కేంద్రం ఉండేది దక్షిణాకాశంలో. హాన్లేలో అది దిగంతం నుంచి 28 డిగ్రీల ఎత్తుకు మించి రాదు. మన గండికోటలో 46 డిగ్రీల దాకా వస్తుంది! ఏప్రిల్ నెలాఖరున, చంద్రుడు లేని రాత్రి, తెల్లవారుజామున 3.30కి అక్కడ దక్షిణం వైపు చూడండి. వృశ్చికం తోక, మూలా నక్షత్రం, వాటి పక్కనే పాలపుంతలో అన్నిటికన్నా దట్టమైన భాగం. జమ్మలమడుగు దీపాల వెలుగు తూర్పున ఉంటుంది కనుక అడ్డురాదు. పెన్నా లోయ అంచు ప్రమాదకరం, నిలబడే చోటు పగలే చూసుకోండి.

మన అసలు ఇబ్బంది వేడి. వేసవి రాత్రుల్లో కెమెరాలో కాంతిని పట్టే సెన్సార్ వేడెక్కి ఫొటోలో రంగురంగుల నలుసులు పడతాయి. అందుకే లెన్సుకు మూత పెట్టి, అవే సెట్టింగులతో పది ఫొటోలు తీసుకోవాలి. వాటి ఆధారంగా సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ నలుసులను తీసేస్తుంది. ఆకాశాన్ని 16 సార్లు తీసి అందులోనే కలిపితే ఇసుక చల్లినట్టు కనిపించే మిగతా గరుకుదనం నాలుగో వంతుకు తగ్గుతుంది.

ఇదేనా సృష్టించడం? గరుకుదనం ప్రతి ఫొటోలో వేరుగా ఉంటుంది, చుక్క వెలుగు అన్నిటిలో ఒకటే. సగటు తీస్తే మొదటిది తగ్గుతుంది, రెండోది నిలుస్తుంది. మసక వెలుతురులో మన కంటికి రంగులు తెలియవు, కెమెరా 15 సెకన్ల కాంతిని పోగుచేస్తుంది కనుక దానికి తెలుస్తాయి. కొన్ని ఫోన్లు చంద్రుడికి సొంతంగా మెరుగులు దిద్దే మాట నిజమే. అందుకే రా ఫైళ్లు, అంటే కెమెరా మెరుగులు దిద్దకముందు నమోదు చేసిన మూల ఫైళ్లు, దాచాలి. అనుమానం ఉన్నవారు ఆ పదహారింటిలో ఏ ఒక్కటి తెరిచినా, మసకగానైనా పాలపుంత కనిపిస్తుంది.