పుప్పొడికీ మోకాలికీ ముడి

ఇంగ్లీషు నేర్పే రీల్స్‌లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఒక కథ తెగ తిరుగుతోంది. ‘తేనెటీగ మోకాళ్ల మీద శ్రేష్ఠమైన పుప్పొడి మోసుకొస్తుంది, అందుకే అన్నిటికన్నా మేలైనదాన్ని ది బీస్ నీస్, అంటే తేనెటీగ మోకాళ్లు, అంటారు. ఇది బిజినెస్ అన్న మాట నలిగి పుట్టిందనీ, బీ జాక్సన్ అనే నర్తకి మోకాళ్ల వల్ల వచ్చిందనీ కూడా చెబుతారు. ఎవరినైనా, ఎక్కడైనా మెచ్చుకోవడానికి వాడొచ్చు.’ ఇందులో అర్థం ఒక్కటే సరైనది. మిగతాదంతా బోడిగుండుకీ మోకాలికీ ముడి.

ముందు పుప్పొడి సంగతి. తేనెటీగకు ఆరు కాళ్లు. పుప్పొడి బుట్ట ఉండేది వెనక రెండు కాళ్లకే, అదీ పనిచేసే ఆడ ఈగలకే. రాణికీ మగ ఈగలకీ ఉండదు. పైగా ఆ బుట్ట మోకాలి దగ్గర కాదు, దాని కింద పిక్కకు బయటివైపు ఉంటుంది. మకరందంతో తడిపిన పుప్పొడి అక్కడే ముద్ద కడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. 18వ శతాబ్దం చివర్లో ‘బీస్ నీ’ అంటే మరీ చిన్నది, మనం ఆవగింజంత అన్నట్టు. పుప్పొడి గొప్పతనం వల్లే పుట్టిన మాటైతే తొలి అర్థం అంత అల్పంగా ఎందుకుంటుంది?

అది పొగడ్తగా మారింది 1920ల అమెరికాలో. జంతువు పేరుకు ఏదో అవయవమో బట్టో తగిలించి మెచ్చుకోవడం అప్పటి కుర్రకారుకు సరదా: పిల్లి పైజమా, పిల్లి మీసాలు, ఏనుగు కనుబొమ్మలు. వీటికి కారణం వెతకడం, మనవాళ్లు ‘కేక’ అంటే అరుపేదని అడగడం లాంటిదే. బిజినెస్ వాదం కూడా ఇక్కడే కూలుతుంది. మరి పిల్లి పైజమా ఏ మాట నలిగితే పుట్టింది?

బీ జాక్సన్‌కు పేరు తెచ్చింది చార్ల్స్టన్ నాట్యం. అది ఊపందుకున్నది 1923 చివర్లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటక వేదికెక్కాక. ఈ మాట 1922కే అచ్చులో ఉంది.

ఇక వాడుక. ముందు ‘ది’ తప్పదు. ‘నీస్’ బహువచనమైనా ఒక్క మనిషికీ, ఒక్క వస్తువుకీ అదే రూపం: ‘దిస్ బిర్యానీ ఈజ్ ది బీస్ నీస్’. రాసేటప్పుడు ‘బీ’ తర్వాత అపాస్ట్రఫీ, ఆపైన ఎస్. ఇది పాతకాలపు చమత్కారం, స్నేహితుల మధ్య బాగుంటుంది. రెజ్యూమెలోనో సిఫారసు లేఖలోనో పెడితే చదివినవాళ్లు నవ్వుకుంటారు. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ‘థింక్స్’ చేరినప్పుడు. ‘హీ థింక్స్ హీ ఈజ్ ది బీస్ నీస్’ అంటే మెచ్చుకోలు కానేకాదు, ‘వాడు పెద్ద తోపనుకుంటున్నాడు’ అని.