పద్దుల మీద ఎమ్మెల్యేలకు మార్కులు వేయగలమా?

అమెరికాలోని కాలిఫోర్నియాలో హోవర్డ్ జార్విస్ ట్యాక్స్‌పేయర్స్ అసోసియేషన్ అనే సంఘం ఆ రాష్ట్ర శాసనసభ్యులకు గ్రేడ్లు ఇస్తుంది. ఆస్తి పన్నుకు కళ్లెం వేసిన 1978 నాటి ప్రొపొజిషన్ 13 ఉద్యమ నాయకుడి పేరే ఆ సంఘానిది. పన్నుల బిల్లులకు ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో చూసి గ్రేడు వేస్తుంది. పన్ను ఎంత తక్కువైతే అంత మంచిదనే దాని కొలమానం నాకు నచ్చదు. బడికీ ఆసుపత్రికీ డబ్బు పన్నుల నుంచే రావాలి కదా. అయితే అది నచ్చనివాళ్లు అవే ఓట్లను తీసుకుని మరో లెక్కన మార్కులు వేసుకోవచ్చు. ఎందుకంటే అక్కడ ప్రతి ఓటూ సభ్యుడి పేరుతో రికార్డులో ఉంటుంది.

మన దగ్గర ఆ ముడిసరుకే లేదు. 2025-26లో తెలంగాణ బడ్జెట్ రూ.3.04 లక్షల కోట్లు, ఆంధ్రప్రదేశ్‌ది రూ.3.22 లక్షల కోట్లు. ఇంత డబ్బుకు సభ ఆమోదం దాదాపు ఎప్పుడూ మూజువాణి ఓటుతోనే, అంటే పేర్లు రాయకుండా అవును, కాదు అని నోటితో చెప్పించుకునే ఓటుతోనే దొరుకుతుంది. శాఖలవారీగా ఖర్చుకు అనుమతి అడిగే పద్దుల్లో కొన్నింటి మీద చర్చ జరుగుతుంది. గడువు ముగిశాక మిగిలినవన్నీ గిలెటిన్ అవుతాయి, అంటే చర్చ లేకుండానే ఒకేసారి ఓటుకు వెళ్తాయి. ఆ తర్వాత ఖజానా నుంచి ఆ డబ్బు తీసుకోవడానికి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు పాసవుతుంది. మీ ఎమ్మెల్యే ఆ రోజు అవునన్నారా, నోరు మెదపలేదా, అసలు సభలో ఉన్నారా అన్నది ఓటు లెక్కలో కనిపించదు. ఆయన ఆస్తులు, కేసుల వివరాలు ఎన్నికల అఫిడవిట్‌లో దొరుకుతాయి. మన డబ్బు మీద ఆయన మాట మాత్రం దొరకదు.

పేర్లు రాసినా లాభమేంటి, ఇలాగే ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం, అంటే విప్ ఉంది కదా అని అడగొచ్చు. నిజమే. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. పద్దు ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది కాబట్టి బడ్జెట్‌కు విప్ ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను. 1992లో కిహోటో హొల్లోహాన్ కేసులో సుప్రీంకోర్టు కూడా విప్ ప్రభుత్వ మనుగడకు, పార్టీ మూల విధానాలకు సంబంధించిన ఓట్లకే పరిమితమైతే మంచిదని చెప్పింది. మరి సభ అనుమతించిన దానికంటే ఎక్కువ ఖర్చు చేసేసి, తర్వాత 205వ అధికరణ కింద ఆమోదం అడిగే పద్దుల మాటేమిటి? ఆ డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది. కొన్నిసార్లు ఆ ఖర్చు పాత ప్రభుత్వానిది. అక్కడ విప్ ఎందుకు? ఇలాంటి అదనపు ఖర్చు ఏళ్ల తరబడి క్రమబద్ధం కాలేదని రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ ఎత్తిచూపింది. సభ్యులకు మార్కులు వేయాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే.

కాళేశ్వరం కార్పొరేషన్ లాంటి సంస్థల పేరిట తెచ్చిన అప్పులది ఇంకో సమస్య. అవి బడ్జెట్ బయట పుడతాయి, తీర్చేది మాత్రం ఖజానా. ఓటుకే రాని ఖర్చుకు ఎవరికి ఏ గ్రేడు వేస్తాం?

ఓట్లు కనిపించనంత కాలం మనకు మిగిలింది ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే సభ్యుల సంఘం, ప్రజా పద్దుల కమిటీ (పీఏసీ). ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పీఏసీ చైర్మన్‌గా ఉన్న పయ్యావుల కేశవ్ సుమారు రూ.41 వేల కోట్ల చెల్లింపుల లెక్కలు సరిగా లేవని గవర్నర్‌కు ఫిర్యాదు చేశారు. ప్రతిపక్ష సభ్యుడు ఆ కుర్చీలో ఉంటే ఎలాంటి ప్రశ్నలు బయటికొస్తాయో చెప్పడానికి అదొక్కటి చాలు. ఇప్పుడు ఆయనే ఆర్థిక మంత్రి. 2024 నవంబరులో ఆ కుర్చీ ప్రభుత్వంలో భాగస్వామి అయిన జనసేన సభ్యుడికి దక్కింది. 11 మంది సభ్యులున్న వైసీపీ ఆ ఎన్నికను బహిష్కరించింది. అదే ఏడాది తెలంగాణలో బీఆర్‌ఎస్ టికెట్‌పై గెలిచి, కాంగ్రెస్‌లో చేరారన్న ఆరోపణ ఎదుర్కొన్న అరికెపూడి గాంధీని చైర్మన్ చేయడం పెద్ద గొడవైంది. ఇద్దరూ సమర్థులే కావచ్చు. కానీ ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే కుర్చీ ప్రతిపక్షానిదన్న సంప్రదాయం రెండు చోట్లా బలహీనపడింది. నా దృష్టిలో ఇది ఏ ఒక్క పద్దు కన్నా పెద్ద నష్టం.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. మూజువాణి ఫలితాన్ని సవాలు చేసి డివిజన్, అంటే ఎవరు ఎటు ఓటేశారో లెక్కించే ఓటింగ్ అడిగే వీలు సభ్యులకు ఉంది. ఓడిపోతామని తెలిసినా సరే, ద్రవ్య వినిమయ బిల్లు మీద, క్రమబద్ధీకరణ పద్దుల మీద ప్రతిపక్షం ప్రతిసారీ డివిజన్ అడగాలి. పేర్లతో కూడిన ఆ జాబితాను అసెంబ్లీ సచివాలయం అదే రోజు తన వెబ్‌సైట్‌లో, తెలుగులో పెట్టాలి. మార్కుల సంగతి ఓటర్లు చూసుకుంటారు.