టీ చల్లారుతోందట!

తిరుపతిలో ఒక కళాశాల ఊరివాళ్లందరికీ ఉచితంగా సినిమా చూపించి, ఆపై చర్చ పెడుతుందంటే ఎవరికైనా ఆశే. 1979 నాటి ‘మా భూమి’ని పెద్ద తెరపై చూసే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది? కానీ ముందు జ్యోతి ప్రజ్వలన, తర్వాత శాలువాలు, ఆ తర్వాత ముఖ్య అతిథి ఉపన్యాసం. కథ మొత్తం ఆయనే చెప్పేశారు, అదీ తప్పుగా! హాలు కిటికీలకు తెరల్లేవు. గౌతమ్ ఘోష్ తీసిన తెలంగాణ పల్లె మధ్యాహ్నపు ఎండకు వెలిసిపోయింది. చర్చలో మైకు పట్టుకున్న మాస్టారు తన ప్రశ్నలకు తానే జవాబులు చెప్పుకున్నారు. వెనుక వరుసలో ఒక పెద్దాయన దొరల గడీల గురించి అడగబోతే, ‘సమయం లేదండీ, టీ చల్లారిపోతోంది’ అన్నారు. 70 కిలోమీటర్ల దూరంలోని చిత్తూరు నుంచి టీ కోసమా వచ్చాం? శాలువాలకు మాత్రం ఎక్కడ దొరికిందో ఆ సమయం!