"బ్యాండ్ల మీద డాక్యుమెంటరీలు దండగ" అన్న పోస్టుకు నా జవాబు

బెంగళూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక పోస్టు తిరుగుతోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఊళ్ళో నాతో చదువుకున్నవాళ్ళ గ్రూపులో వచ్చింది. చివరికి నాతో పనిచేసే కెమెరా కుర్రాడు కూడా "ఇందులో నిజం లేకపోలేదు కదన్నా" అంటూ పంపాడు. అప్పటిదాకా ఊరుకున్నవాణ్ణి, ఇక రాయక తప్పదనిపించింది.

పోస్టులో ఉన్నది ఇదీ: సినిమా పాటలు కాకుండా సొంత పాటలు కట్టుకునే బ్యాండ్ల మీద డాక్యుమెంటరీలు తీయడం శుద్ధ దండగ. వాళ్ళ ప్రోగ్రాములన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. ఫోను ఉంటే ఎవరైనా తీయొచ్చు, ఆస్కార్ కొట్టిన 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' సినిమానే ఐఫోన్‌తో తీశారు. టాలెంట్ ఉన్నవాడు ఎలాగూ పైకొస్తాడు, లేనివాడి మీద తీసినా లాభం లేదు. అయినా ఇదంతా డబ్బున్న ఇంగ్లీషు మీడియం పిల్లల సరదా, మన తెలుగువాళ్ళకు దీంతో పనేంటి?

నేను సౌండ్ రికార్డిస్టుని. పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. ఇల్లు గడిచేది యాడ్ ఫిల్ములతో, కంపెనీల వీడియోలతో. పని లేని రోజుల్లో బూమ్ మైకు పట్టుకుని బ్యాండ్ల వెంట తిరుగుతాను. ఈ పోస్టు నాకు బాగా దగ్గరగా తగిలింది.

ముందు యూట్యూబ్ సంగతి. "అన్నీ ఉన్నాయి" అనడమే తప్పు. యూట్యూబ్ ఇంత పెరగకముందు చిన్న బ్యాండ్లు తమ డెమోలు (నమూనా రికార్డింగులు) పెట్టుకున్న చోటు మైస్పేస్ అనే వెబ్‌సైట్. మన బెంగళూరు, చెన్నై కుర్రాళ్ళు కూడా అక్కడే పెట్టేవారు. 2019 మార్చిలో ఏం బయటపడిందో గుర్తుందా? సర్వర్లు మార్చేటప్పుడు, 2016కు ముందు జనం ఎక్కించిన పాటలూ ఫోటోలూ వీడియోలూ పోయాయని ఆ కంపెనీయే ఒప్పుకుంది. పన్నెండేళ్ళ సంగీతం అది. ఐదు కోట్ల పాటలని అప్పట్లో అంచనా వేశారు. "ఆన్‌లైన్‌లో ఉంది కదా" అనుకుని హార్డ్ డిస్కులో కాపీ ఉంచుకోని బ్యాండ్లకు ఈరోజు తమ తొలి పాట తమ దగ్గరే లేదు.

పోనీ, పోకుండా మిగిలినవాటిలో ఏముంది? వెనక వరసలోంచి చెయ్యెత్తి ఫోనుతో తీసిన నాలుగు నిమిషాల పాట. చప్పుడు పెరగ్గానే ఫోను మైకు తనంతట తానే లెవెల్ తగ్గించుకుంటుంది. అందుకే డ్రమ్ముల కిక్ పడ్డప్పుడల్లా గొంతు మునిగిపోతుంది, మళ్ళీ తేలుతుంది. అది కూడా సరే అనుకుందాం. ఇందిరానగర్‌లో 'ది హమ్మింగ్ ట్రీ' అని ఒక వేదిక ఉండేది. 2013లో తెరిచారు, 2019లో మూసేశారు. ఆ ఆరేళ్ళలో అక్కడ వాయించినవాళ్ళ వీడియోలు బోలెడు దొరుకుతాయి. ఒక్క పాట సరిగా వినిపించడం కోసం మధ్యాహ్నం మూడింటినుంచి సౌండ్‌చెక్ చేసినవాళ్ళు ఎవరు, రాత్రి పదకొండుకు ఆంప్లిఫయర్లు మోసుకుంటూ మెట్లు దిగినవాళ్ళు ఏం మాట్లాడుకున్నారు, అవి దొరకవు. వీడియో తీసే మనిషి పాట అయిపోగానే ఫోను జేబులో పెట్టుకుంటాడు. డాక్యుమెంటరీ తీసేవాడికి అసలు పని మొదలయ్యేది అక్కడే.

'ఇండియన్ ఓషన్' బ్యాండ్ మీద జైదీప్ వర్మ తీసిన డాక్యుమెంటరీ 'లీవింగ్ హోమ్' 2010 ఏప్రిల్‌లో థియేటర్లలో విడుదలైంది. అంతకు మూడు నెలల ముందు, 2009 డిసెంబర్ 25న, ఆ బ్యాండ్‌లో తబలా వాయిస్తూనే పాడే అషీమ్ చక్రవర్తి చనిపోయారు. ఆయన పాటలు మనకు సీడీల్లో ఉన్నాయి. కానీ పాటకూ పాటకూ మధ్య ఆయన నవ్వు, మిగిలిన ముగ్గురూ ఆయన వైపు చూసే చూపు, ఏళ్ళ తరబడి కలిసి ప్రాక్టీసు చేసిన ఢిల్లీ కరోల్‌బాగ్ పాత బంగళా, ఇవన్నీ ఒకచోట మిగిలాయంటే ఆ సినిమా వల్లే. ఆ బంగళా చిరునామానే వాళ్ళు తర్వాత ఆల్బమ్‌కు పేరుగా పెట్టుకున్నారంటే అది వాళ్ళకు ఎంత ముఖ్యమో చూడండి.

ఇక ఐఫోన్ మాట. ఇది సగం నిజం కాబట్టే నమ్మేవాళ్ళు ఎక్కువ. షుగర్ మ్యాన్ దర్శకుడు మాలిక్ బెంజెలూల్ ఆ సినిమాను ఐఫోన్‌తో తీయలేదు. పాతకాలపు ఫిల్ము రీలులా కనిపించాల్సిన కొన్ని షాట్లు 8 ఎం.ఎం. ఫిల్ము మీద తీస్తూ వచ్చాడు. చివర్లో ఫిల్ము కొనడానికి డబ్బులు అయిపోయాయి. మిగిలిన కొద్ది షాట్లనూ ఫోన్లో ఒక యాప్‌తో పూర్తి చేశాడు. దాన్ని పట్టుకుని "సినిమా మొత్తం ఫోన్లో తీశారు, ఇంకేం కావాలి" అనడం, అప్పు చేసి ఇల్లు కట్టినవాడు చివరి గోడకు సున్నంతో సరిపెట్టుకుంటే ఇల్లంతా సున్నంతోనే కట్టాడన్నట్టుంది.

అసలు ఖర్చయ్యేది కెమెరాకు కాదు, కాలానికి. అమెరికాలో 'ఫుగాజీ' అనే పంక్ బ్యాండ్ మీద జెమ్ కోహెన్ తీసిన డాక్యుమెంటరీ 'ఇన్‌స్ట్రుమెంట్' 1999లో వచ్చింది. దాని చిత్రీకరణ పదేళ్ళకు పైగా సాగింది. ఎందుకంత కాలం అని అడిగేవాళ్ళకు నేను విన్న ఒక్క సంగతి చెప్తాను.

మూడేళ్ళుగా మేం నలుగురం ఇక్కడి ఒక బ్యాండ్ మీద సినిమా తీస్తున్నాం. వాళ్ళ జామ్ రూమ్, అంటే ప్రాక్టీసు గది, బాణసవాడిలో ఒక ఇంటి సెల్లార్. గోడల నిండా గుడ్ల అట్టలు, వాటి మీద పాత దుప్పట్లు. గుడ్ల అట్టలు గదిలో గింగురు కొంచెం తగ్గిస్తాయి తప్ప చప్పుడు బయటికి పోకుండా ఆపవు. అందువల్ల రాత్రి ఎనిమిది దాటితే మేడ మీద ఇంటావిడ నేల మీద రోకలితో కొట్టేది. మొదటి పదిసార్లు మేం సాయంత్రాలే వెళ్ళాం కాబట్టి ఆ చప్పుడు వినలేదు. పదకొండోసారి వాన పట్టి ఆలస్యమైంది. పాట మధ్యలో పైన టక్ టక్‌మని వినిపించింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. డ్రమ్మర్ తన భుజం మీది తువ్వాలు తీసి స్నేర్ డ్రమ్ము మీద పరిచాడు, కర్రలు పక్కన పెట్టి బ్రష్షులు తీసుకున్నాడు. తువ్వాలు మీద బ్రష్షుతో వేగంగా వాయిస్తే దెబ్బ పలకదు. దాంతో పాట నెమ్మదించింది. గిటారు వాయించే అమ్మాయి గొంతు తగ్గించి పాడింది. నా హెడ్‌ఫోన్స్‌లో మొదటిసారి ఆ పాటలో ప్రతి మాటా వినిపించింది.

వాళ్ళు ఆ పాటను రికార్డు చేసింది ఆ నడకలోనే. ఇవాళ ఆన్‌లైన్‌లో వినేవాళ్ళు "ఎంత ప్రశాంతంగా ఉందో" అని కామెంట్లు పెడుతుంటారు. ఆ ప్రశాంతత మేడ మీది రోకలి పోటు వల్ల వచ్చిందని పాట వింటే తెలియదు, గిగ్ (వేదిక మీద ప్రోగ్రాము) చూసినా తెలియదు. ఏడాది పాటు ఆ సెల్లార్‌కు వెళ్ళినవాళ్ళకే తెలిసింది. ఇప్పుడు ఆ గదిలో కొరియర్ పార్శిళ్ళు పెడుతున్నారు.

టాలెంట్ ఉన్నవాడు ఎలాగూ పైకొస్తాడన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. పైకి రానివాళ్ళందరికీ టాలెంట్ లేదని తేల్చేసే మాట అది. పోస్టు రాసినాయన ఉదహరించిన షుగర్ మ్యాన్ కథే ఆయన వాదాన్ని కొట్టేస్తుంది. ఆ సినిమా ఎవరి గురించో ఆ అమెరికా గాయకుడు సిక్స్‌టో రోడ్రిగెజ్ 1970లో ఒకటి, 1971లో ఒకటి ఆల్బమ్ చేశాడు. సొంత దేశంలో ఎవరూ కొనలేదు. డెట్రాయిట్‌లో ఇళ్ళు పడగొట్టే పనుల్లో, రిపేరు పనుల్లో కూలికి వెళ్ళాడు. అదే కాలంలో దక్షిణాఫ్రికాలో ఆయన పాటలు ఇంటింటా మోగాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు, ఆయన బతికున్నాడని అక్కడివాళ్ళకు తెలియదు. అభిమానులు వెతికి పట్టుకుంటే 1998లో అక్కడ కచేరీలు చేశాడు. అమెరికా ఆయన్ని విన్నది 2012లో ఆ డాక్యుమెంటరీ వచ్చాకే. అప్పటికి ఆయనకు డెబ్భై. టాలెంట్ 1970లోనే ఉంది కదా, మరి నలభై ఏళ్ళు ఏం చేసింది?

ఆ సినిమాలో ఒక పెద్ద తప్పుందని కూడా చెప్పాలి. రోడ్రిగెజ్‌కు ఆస్ట్రేలియాలో మంచి పేరుండేది, 1979లోనూ 1981లోనూ అక్కడ టూర్లు చేశాడు. సినిమా ఆ ఊసే ఎత్తదు. కథ మరింత విడ్డూరంగా ఉండాలని వదిలేశారు. నా దృష్టిలో అది క్షమించదగ్గ పని కాదు. డాక్యుమెంటరీలను నిలదీయాలంటే ఇలాంటి చోట నిలదీయండి, నేనూ మీతో వస్తాను. బ్యాండ్‌ను దేవుళ్ళలా చూపించి, స్లో మోషన్‌లో జుట్టు విదిలించి, పదిమంది చేత "ప్యాషన్, ప్యాషన్" అనిపించే సినిమాలను కూడా నిలదీయండి. కానీ దండగ అనకండి.

పేరొస్తే బతుకు బాగుపడుతుందన్నదీ నిజం కాదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారిని చూశాం కదా. సినిమా పాటలో గొంతు వినిపించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో హైదరాబాద్ పక్కన కూలి పనిలో కనిపించారు. డాక్యుమెంటరీ ఎవరి అప్పులూ తీర్చదు, అది దాని పనీ కాదు. మనిషి ఎలా పాడాడో, ఆ పాటకు ఏం ఖర్చు పెట్టాడో చెప్పి ఉంచుతుంది. ముంబై రమాబాయి నగర్‌లో 1997 జూలైలో పోలీసు కాల్పుల్లో పదిమంది దళితులు చనిపోయారు. ఆ ఘోరం చూసి తట్టుకోలేక కవి, గాయకుడు విలాస్ ఘోగ్రే కొద్ది రోజులకే ప్రాణం తీసుకున్నారు. ఆయన పాట తెలిసిన డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ ఆ పాట వెంట పద్నాలుగేళ్ళు తిరిగి 2011లో 'జైభీమ్ కామ్రేడ్' పూర్తి చేశారు. అందులో గల్లీల్లో, మేడల మీద, ఊరేగింపుల్లో పాడేవాళ్ళలో ఎంతమందికి ఆల్బమ్ ఉండి ఉంటుంది? లాభం లేదనే లెక్క ఇక్కడ ఎలా వేస్తారు?

చివరిది, ఇంగ్లీషు మీడియం పిల్లల సరదా అన్నది. గిటారు, ఆంప్లిఫయర్ ఖరీదైనవే, ఇందిరానగర్ పబ్బుల్లో లోపలికి వెళ్ళాలంటే డబ్బు కావాలి. అంతవరకు ఒప్పుకుంటాను. అయితే ఇదే బెంగళూరులో రఘు దీక్షిత్ రాక్ వేదికల మీద పాడింది శిశునాళ షరీఫ్ తత్వాలు. మనకు వేమన, వీరబ్రహ్మం ఎలాగో కన్నడిగులకు షరీఫ్ అలాంటివాడు. 2018 జనవరిలో చెన్నై కీల్పాక్‌లో 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' తొలి కచేరీ జరిగింది. సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి కూర్చిన ఆ బృందంలో ఉత్తర చెన్నై పేటల్లో చావులకు గానా పాడే కుర్రాళ్ళు, మన డప్పుకు అన్నదమ్ములాంటి పరై వాయించేవాళ్ళు ఉన్నారు. 2003లో బెంగళూరు సృష్టి కాలేజీ నుంచి షబ్నమ్ విర్మాణి కబీర్ పాటల కోసం బయల్దేరి, ఏళ్ళ పాటు తిరిగి నాలుగు సినిమాలు తెచ్చారు. వాటిలో ముఖ్యుడు ప్రహ్లాద్ సింగ్ టిపానియా మధ్యప్రదేశ్ మాళ్వా పల్లెటూళ్ళో స్కూల్ టీచర్‌గా పనిచేసినవాడు. ఇంగ్లీషు మీడియం ఎక్కడ కనిపించింది ఇందులో?

తెలుగువాళ్ళకు పనేంటి అన్నారు. తువ్వాలు పరిచిన ఆ డ్రమ్మర్ హిందూపురం అబ్బాయి. డ్రమ్ములు నేర్చుకున్నది వాళ్ళ ఊరి చర్చిలో, ఆదివారం ప్రార్థనకు. ఇక్కడ పగలు మొబైల్ షాపులో పని. సింబల్స్ (డ్రమ్ములతో వాయించే ఇత్తడి పళ్ళేలు) సంచి ఒళ్ళో పెట్టుకుని సిటీ బస్సులో గిగ్గులకు వెళ్తాడు. వాళ్ళ నాన్న కొడుకు వాయించడం ఎప్పుడూ చూడలేదు. మా సినిమా రఫ్ కట్ (తొలి కూర్పు) చూడ్డానికి వచ్చాడు. పెద్ద స్టేజీ మీద వాయించిన సీను మౌనంగా చూశాడు. బస్సు సీను వచ్చినప్పుడు మాత్రం "మళ్ళీ ఒకసారి వెయ్ నాయనా" అన్నాడు. రెండోసారి చూసి, సంచి ఎంత బరువుంటుందని అడిగాడు.

ఫైనల్ మిక్స్ వచ్చే నెల అవుతుంది. ఒక స్నేహితుడి ఇంటి మేడ మీద తెర కట్టి ముప్పై మందికి వేస్తున్నాం. బాణసవాడి ఇంటావిడనూ పిలిచాం, కూతుర్ని తోడు తీసుకుని వస్తానంది. ఆ పాట ఎందుకు నెమ్మదించిందో ఆవిడకు ఇంకా తెలియదు.