రెండు చిల్లుల గౌరవం

ఏకరూప దుస్తులని ఏ అమాయకుడు పేరు పెట్టాడో గానీ, వాటికిప్పుడు మూడు రూపాలు. మామూలు పిల్లలకి లేతనీలం చొక్కా. మొదటి పది ర్యాంకులకి అదే చొక్కా, కాలరు అంచున బంగారు రంగు పైపింగ్. ప్రథములకి ఏకంగా బ్లేజరు. ఆ పైన బిళ్లలు: లెక్కల బిళ్ల, హాజరు బిళ్ల, చేతిరాత బిళ్ల, సత్ప్రవర్తన బిళ్ల. వెనకటి బిళ్ల బంట్రోతు ఒక్క బిళ్లతోనే అంత డాబు పోయాడు, పాపం.

బిళ్ల ధారణ శాస్త్రం తేలికేం కాదు. ఒకే మొన ఉంటే బిళ్ల గిర్రున తిరిగి లెక్కలు తలకిందులవుతాయి. అందుకే రెండు మొనలు, వెనక నొక్కే బుడిపెలు. ఆటల పీరియడ్‌లో బుడిపె ఊడితే మొన నేరుగా ఛాతీకే. అయస్కాంతం రకమైతే చిల్లు పడదు, చిన్న తోపుకే జారుతుంది. నాలుగు బిళ్లలు పెడితే పల్చటి జేబు నాలుకలా వేలాడుతుంది. లోపల అట్టముక్క పెట్టి కుట్టాలి. పిన్నీసు తీయకుండా ఉతికితే తుప్పు మరక. బ్లీచింగ్ వేశారో, ఇంకా ముదురుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టాలి.

అసలు వైభవం బిళ్ల దింపుడు నాడు చూడాలి. ప్రార్థన అయ్యాక, అయిదో ర్యాంకు నుంచి పన్నెండుకి జారిన పాపని ముందుకి పిలుస్తారు. హెడ్మాస్టరు గారు బుడిపె లాగుతారు. రాదు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ లాగుతారు. కుట్టు టీచరమ్మ కత్తెరతో పరిగెత్తుకొస్తుంది. బిళ్ల కోసం పక్కనే నిలబడ్డ కొత్త అయిదో ర్యాంకు ఎటు చూడాలో తెలీక బూట్లు చూసుకుంటుంటాడు. ఈలోగా మైకులో క్రీడాస్ఫూర్తి మీద ఉపన్యాసం. చప్పట్లు ఎవరికో ఎవరికీ తెలీదు.

ఇది కొత్త విద్యేం కాదు. 1798లో లండన్‌లో బడి పెట్టిన జోసెఫ్ లాంకాస్టర్ బాగా చదివితే బిళ్లలిచ్చాడు, అల్లరి చేస్తే మెడలో నాలుగు నుంచి ఆరు పౌన్ల కర్రదుంగ కట్టించాడు. 2011లో చైనాలోని షియాన్‌లో ఒక ప్రాథమిక బడి వెనకబడ్డ పిల్లలకి పచ్చ కండువాలు కట్టి, ఊరంతా ఛీ కొట్టాక విప్పింది. మనవాళ్లు తెలివైనవాళ్లు. దుంగా వద్దు, కండువా వద్దు. పదిమందికి పైపింగ్ కుడితే చాలు, మిగతా నలభై మందికి ఒంటిమీది చొక్కాయే దుంగ. ఏడేళ్ల పిల్లకి పొద్దున్నే గుండీలు పెడుతూ "నువ్వు ఓడిపోయావు" అని తొడుగుతున్నారు, దానికి ప్రోత్సాహం అని పేరు! సిగ్గుండాలి!

బొమ్మలు వేస్తే బంగారు ముద్ర ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే ఆశపెట్టిన పసివాళ్లు, ఆ తర్వాత బొమ్మల జోలికి వెళ్లడమే తగ్గించారని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లెప్పర్ బృందం 1973లోనే ప్రచురించింది. దానికీ ఓ బిళ్ల ఇస్తే ఎవరైనా చదువుతారేమో.

ఇక దింపిన చొక్కా సంగతి. ఆవిరి పట్టి, గోటితో దారాలు సర్దితే రెండు చిల్లులూ పూడుకుంటాయి. చుట్టూ గుడ్డ వెలిసిపోయి, బిళ్ల ఉన్నచోట మాత్రం గుండ్రంగా ముదురు నీలం మిగులుతుంది. అది ఎంత ఉతికినా కలవదు. కప్పాలంటే మళ్లీ బిళ్లే కావాలి.