క్యూసెక్కులు సాగర్‌కేనా?

పొద్దుపొద్దున్నే గ్రూపుల ఓ పోస్టర్. జులైల ఋషికేశ్ రాఫ్టింగ్ (గాలి నింపిన రబ్బరు పడవల గంగ మీద పోవుడు), నల్లగొండ నుంచి ప్యాకేజీ, అడ్వాన్స్ కట్టుండ్రి అని. కింద వరుసగా దండాలు, బొటనవేళ్లు. అరే భాయ్, జులై, ఆగస్టుల గంగ మీద రాఫ్టింగే బంద్ ఉంటది! వాన నీళ్లు, మంచు కరిగిన నీళ్లు కలిసి బురదబురదగ పొంగుతుంటే రాఫ్ట్ ఎవడు దింపుతడు?

సాగర్ గేట్లు లేస్తే మాత్రం మనోళ్లకు లెక్కలన్నీ నోటికుంటయి. 26 గేట్లల్ల ఎన్ని ఎత్తిండ్రు, శ్రీశైలం నుంచి ఎంతొస్తుంది, జూరాల కాడ ఎట్లుంది. చాయ్ హోటల్ల తాత గూడ క్యూసెక్కులల్లనే మాట్లాడతడు. గదే మనుషులు కొండ నదికి పోయేటప్పుడు అడిగే మొదటి ముచ్చట: "తిండి ప్యాకేజీలనేనా?"

వానకాలంలనే పోవాల్నంటే కర్ణాటకల కొడగు కాడ బారాపోలె నది ఉంది, అది నడిచేదే వానలకు. మహారాష్ట్రల కోలాడ్ కాడ కుండలిక నది ఉంది. పైన భీరా కరెంటు స్టేషన్ కాడ పొద్దున నీళ్లు వదిలితేనే అండ్ల రాఫ్టులు నడుస్తయి. లాడ్జిల నిమ్మళంగ లేచి, ఇడ్లీ తిని, పదకొండింటికి పోతే రాళ్లు లెక్కపెట్టుకొని రావాలె.

ఇగ "నాకు ఈతొస్తది, బాయిల దుంకి నేర్చుకున్న" బ్యాచ్. బాయి నీళ్లు నిలబడి ఉంటయి సారూ. ర్యాపిడ్‌ల, అంటే రాళ్ల మీదికెల్లి ఉరికే నీళ్లల్ల, తెల్లటి నురగంటే సగం గాలే, అది మనిషిని తేలనియ్యదు. అందుకే లైఫ్ జాకెట్. బకిల్స్ అన్నీ బిగించినంక పక్కనోడు భుజాల కాడ పట్టి పైకి గుంజాలె. జాకెట్ చెవుల దాకా లేస్తే అది నీ సైజు కాదు. "ఉక్కపోస్తుంది అన్నా" అని లూజు చేసుకునేటోళ్లకు ఏం చెప్తం!

పడితే ఎల్లకిల తిరగాలె. కాళ్లు నీళ్లు పోయే దిక్కుకు, బొటనవేళ్లు నీళ్ల పైన. మోకాలి లోతుకు వచ్చేదాక నిలబడొద్దు. పాదం రెండు రాళ్ల సందుల ఇరికిందంటే ఎనకనుంచి వచ్చే నీళ్లు మొఖాన్ని లోపలికి తొక్కుతయి, నడుము లోతుల గూడ పానం పోతది. తాడు ఇసిరితే చేతికి చుట్టుకోవద్దు, ఛాతీ మీద రెండు చేతుల పట్టాలె. తెడ్డు చివరన టీ లెక్కుండే పిడిని అరచేతితోని మూసి పట్టాలె, లేకుంటే పక్కనోని పండ్లు రాలుతయి. జీన్స్, చెప్పులు వేసుకొని వచ్చేటోళ్ల గురించి రాస్తే నాకే బీపీ.

అయినా ఋషికేశ్ దాకా ఎందుకు? ఇక్కడ చెక్‌డ్యాం మత్తడి దుంకుతుంటే రీల్స్ కోసం కిందికి దిగుతరు. కొండ నది సుడికన్న అదే పెద్ద యముడు. గోడ మీదికెల్లి పడ్డ నీళ్లు కిందనుంచి మళ్ల గోడ దిక్కే తిరుగుతయి, మనిషిని అండ్లనే తిప్పుతుంటయి. నదిల సుడికి పక్కకు బయటపడే సందన్న ఉంటది, దీనికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాక ఒక్కటే గీత. "మా ఊరి వాగే గదా" అంటరు. వాగుకు నీ ఊరేందో తెలుసా?

అడ్వాన్స్ కట్టినోళ్లు ఆ పోస్టర్ ఫొటోను ఒక్కసారి పెద్దగ చేసి చూడుండ్రి. రాఫ్ట్‌ల ఎనిమిది మంది ఉన్నరు, హెల్మెట్లు ఆరే.